పిల్లల టీకాలు: ఏవి ఉచితంగా చాలు, వేటికి డబ్బు దాచాలి

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, రెండు టీకా కార్డులు. పెద్దవాడి కార్డు నున్నటి కాగితం మీద రంగురంగుల బొమ్మలతో ఉంటుంది. వాడి మొదటి రెండేళ్ల టీకాలన్నీ ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గరే వేయించాం. చిన్నది పుట్టినప్పుడు నేను పుట్టింట్లో ఉండిపోవడంతో దాని టీకాలన్నీ ఊళ్లోని పీహెచ్‌సీలో జరిగాయి. దాని కార్డు మడతల దగ్గర చిరుగుతుంటే మా అమ్మ ప్లాస్టిక్ సంచిలో పెట్టి బియ్యం డబ్బా మీద దాచేది. ఒక రాత్రి ఆ రెండు కార్డులనూ పక్కపక్కన పరిచి చూసుకుంటే, వేలకు వేలు పోసి టీకాలు వేయించిన పెద్దవాడి కార్డులోనే ఒక గడి ఖాళీగా కనిపించింది. అది అయిదేళ్లు నిండాక పడవలసిన డీపీటీ బూస్టర్, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల నుంచి రక్షణను మళ్లీ బలపరిచే డోసు. అప్పటికి వాడికి ఆరేళ్లు దాటి నాలుగు నెలలు.

చిన్నదానికి ఒక్క బుధవారం తప్పితే మరునాడే ఆశా కార్యకర్త గుమ్మం ముందు నిలబడి, "ఏమ్మా, పాపను తీసుకురాలేదే" అని అడిగింది. పెద్దవాడి విషయంలో అలా అడిగేవాళ్లు లేరు. గుర్తుపెట్టుకోవలసిన మేమే మరిచిపోయాం.

ప్రభుత్వ కేంద్రంలో వేయించాలా, ప్రైవేటులోనా అని కొత్తగా తల్లిదండ్రులైనవారు అడిగినప్పుడు నాకు ఆ ఖాళీ గడే గుర్తుకొస్తుంది. ఉచిత పట్టికలో ఉన్న టీకాలన్నీ, ఎక్కడ వేయించినా సరే, వేళకు పూర్తి కావడం మొదటి పని. ప్రభుత్వం ఇవ్వని టీకాల కోసం డబ్బు పెట్టడం రెండో పని. చాలా ఇళ్లలో ఈ వరుస తలకిందులవుతోంది.

ఉచితంగా వచ్చేవి తక్కువేమీ కాదు

మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం 1985 నుంచి నడుస్తోంది. బిడ్డ పుట్టగానే క్షయకు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా వేస్తారు. ఈ మూడింటిలో హెపటైటిస్ బి 24 గంటల్లోపు పడాలి. తల్లి రక్తంలో ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు సోకవచ్చు. పసికందుగా ఉన్నప్పుడు సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది, కాలేయాన్ని తినేసే ప్రమాదం ఉంటుంది. కాన్పు ఎక్కడ జరిగినా, ఇంటికి బయలుదేరే ముందు ఈ టీకా వేశారా అని తండ్రో అమ్మమ్మో ఒకరు అడిగి తీరాలి. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చి, ధర చూస్తేనే భయం వేసే టీకా ఇది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్, వరప్రసాద్ రెడ్డి ఆధ్వర్యంలో, దీన్ని ఇక్కడే తయారుచేసి సామాన్యుడికి అందేలా చేసింది.

తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ వేస్తారు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) అనే అయిదింటికీ కలిపి ఒకే సూది అది. ఆ మూడుసార్లూ పోలియో చుక్కలు, తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా నోట్లో వేస్తారు. 6, 14 వారాలకు న్యుమోనియా నుంచి కాపాడే పీసీవీ, చేతి పైచర్మంలో వేసే చిన్న పోలియో సూది కూడా ఉంటాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లాలకు ఎంఆర్ టీకా, పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడో డోసు వేస్తారు. 16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో చుక్కలు. అయిదేళ్లు నిండాక మరో డీపీటీ. 10, 16 ఏళ్లకు ధనుర్వాతం, కంఠసర్పిలకు టీడీ. మెదడువాపు టీకా ఆ జబ్బు ఎక్కువగా ఉన్న జిల్లాల్లోనే ఇస్తారు కాబట్టి మీ జిల్లాలో ఉందో లేదో మీ ఊరి నర్సు ఏఎన్ఎంను అడగండి.

రోటా సంగతి కాస్త విడిగా చెప్పాలి. 2016లో దీన్ని ప్రభుత్వ కార్యక్రమంలోకి మొదట తెచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వాడిన రోటావాక్ హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినదే. ప్రైవేటులో దొరికే విదేశీ రకాల్లో ఒకటి రెండు డోసులతో అయిపోతుంది. ప్రభుత్వం ఇచ్చేది మూడు డోసులు. ఆ ఒక్క తేడా కోసం డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. ఆలస్యం చేయకపోవడమే ఇక్కడ ముఖ్యం. బిడ్డ ఎదిగేకొద్దీ మొదటి డోసు వేసే గడువు దాటిపోతుంది.

మూడు సూదులా, రెండు సూదులా

తల్లిదండ్రులు ఎక్కువగా తర్జనభర్జన పడేది ఇక్కడే. పీహెచ్‌సీలో 6 వారాల బిడ్డకు పెంటా, పీసీవీ, పోలియో సూది అని ఒకే రోజు మూడు పోట్లు పడతాయి. ప్రైవేటులో పోలియోను కూడా కలుపుకున్న హెక్సావాలెంట్ ఒకటి, పీసీవీ ఒకటి, రెండే పోట్లు. హెక్సాను సాధారణంగా "నొప్పి లేని టీకా" అని చెప్పి అమ్ముతారు. ఒక్కో డోసు ధర వేలల్లో ఉంటుంది, అలాంటివి మూడు కావాలి.

నొప్పిలో తేడా ఎందుకంటే, ప్రభుత్వ పెంటాలో కోరింత దగ్గు బ్యాక్టీరియాను చంపి మొత్తంగా వాడతారు. "నొప్పి లేని" రకంలో ఆ బ్యాక్టీరియా నుంచి శుద్ధి చేసిన కొన్ని భాగాలే ఉంటాయి. మొదటిదానికి జ్వరం, తొడ వాపు, చిరాకు ఎక్కువ. అది నిజం, దాచవలసిన పని లేదు. మా చిన్నదానికి మొదటి పెంటా వేయించిన రాత్రి పదకొండు గంటల నుంచి రెండింటి దాకా నా భుజం మీదే ఉంది. ఎడమ తొడ మీద రూపాయి బిళ్లంత గట్టిపడి, తాకితే చాలు మెలికలు తిరిగిపోయింది. నర్సమ్మ ఇచ్చిన పారాసిటమాల్ చుక్కలు, తడిగుడ్డ, తల్లిపాలు. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది, ఎప్పటిలా నవ్వింది. ఆ రాత్రి నాకూ పెద్దవాడికి వేయించినట్టే హెక్సా వేయించి ఉంటే బాగుండేదని అనిపించింది.

తర్వాత చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది వేరు. నొప్పి తక్కువ రకం ఇచ్చే రక్షణ కోరింత దగ్గు విషయంలో త్వరగా సన్నగిల్లుతుంది. పూర్తి బ్యాక్టీరియా రకం ఇచ్చేది ఎక్కువ కాలం నిలుస్తుంది. దాన్ని వాడుతున్న దేశాలు మొదటి మూడు డోసులకు దాన్నే కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి కారణం ఇదే. అంటే ఒక రాత్రి ఏడుపు తగ్గించుకోవడానికి పెట్టే డబ్బు ఎక్కువ రక్షణ కొనివ్వదు. దీని అర్థం హెక్సా పనికిరాదని కాదు. మునుపటి డోసుకు విపరీతమైన జ్వరం వచ్చి మూర్ఛ వచ్చిన బిడ్డకో, నరాల జబ్బున్న బిడ్డకో డాక్టరే దాన్ని సూచించవచ్చు, అప్పుడు తప్పక వినండి. పోట్లు తగ్గాలన్నదే మీ కోరిక అయితే, పూర్తి బ్యాక్టీరియాతోనే తయారైన హెక్సా రకాలు కూడా మన దేశంలో వస్తున్నాయి, వాటి గురించి అడగండి. మిగతా అందరికీ నా సలహా సూటిగా ఉంటుంది: పెంటా వేయించండి, ఆ డబ్బు కింద చెప్పే టీకాలకు దాచండి.

ఒక జాగ్రత్త. పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది కాబట్టి పక్కింటి పాప సీసాలోది అంచనాగా పోయకండి. పోటు పడినచోట పసుపు, నూనె రాయకండి, రుద్దకండి. జ్వరం రెండు రోజులు దాటినా, మూడు గంటలకు పైగా ఆగకుండా ఏడ్చినా, ఒళ్లు వాలిపోయినా, మూర్ఛ వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డబ్బు పెట్టదగినవి, నా వరుసలో

మొదటిది టైఫాయిడ్. ట్యాంకర్ నీళ్లు, వానాకాలం, బండి మీద తిండి, ఈ మూడూ తెలియని కుటుంబం మన పట్టణాల్లో దాదాపు లేదు. టైఫాయిడ్‌కు వాడే మందులకు క్రిమి అలవాటుపడి మొండికేస్తుండటం మరో కారణం. పాత రకం టీకా రెండేళ్లు దాటాకే పనిచేసేది, మూడేళ్లకోసారి మళ్లీ వేయించాలి. ఇప్పుడున్న కాంజుగేట్ రకం ఆరు నెలలు నిండిన బిడ్డకు ఒకే డోసుగా ఇస్తారు. దీన్ని హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ సంస్థలు తయారుచేస్తున్నాయి. నవీ ముంబై నగరపాలక సంస్థ 2018లోనే తన పిల్లలకు దీన్ని ఉచితంగా వేయించింది. మన నగరాలు కూడా ఆ పని చేయాలని గట్టిగా అడగాలి. అంతవరకూ, ఒక్క టీకాకే డబ్బుందంటే ఇదే కొనండి.

రెండోది ఎంఎంఆర్. ప్రభుత్వం ఇచ్చే ఎంఆర్‌లో తట్టు, రుబెల్లా ఉంటాయి, గవద బిళ్లలకు రక్షణ లేదు. ఎంఎంఆర్‌లో అది కూడా ఉంటుంది. గవద బిళ్లలు ఎక్కువమంది పిల్లల్లో వారం రోజుల బాధతో పోతాయి. కొందరిలో వినికిడి దెబ్బతింటుంది, యుక్తవయసు దాటిన మగపిల్లల్లో వృషణాలు వాస్తాయి. తొమ్మిది నెలలకు ప్రభుత్వ ఎంఆర్ వేయించి, పదిహేను నెలలప్పుడు, తిరిగి నాలుగైదేళ్లకు ఎంఎంఆర్ వేయిస్తే సరిపోతుందా అని మీ డాక్టరుతో మాట్లాడండి. మా పెద్దవాడికి ముందు నుంచీ ఎంఎంఆర్ వేయించాం. చిన్నదానికి ఎంఆర్ వేయించి, ఎంఎంఆర్‌ను ఆ తర్వాత వేయించాం.

మూడు, నాలుగు స్థానాల్లో హెపటైటిస్ ఎ, ఆటలమ్మ టీకాలను పెడతాను. మన పెద్దలకు చిన్నప్పుడే, కలుషిత నీళ్లతో, తెలియకుండానే హెపటైటిస్ ఎ వచ్చిపోయేది. పసివయసులో అది పెద్దగా బయటపడదు. మంచి నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు అది ఆలస్యంగా, హాస్టల్లోనో కాలేజీలోనో సోకి, వారాల తరబడి మంచాన పడేసే కామెర్లుగా మారుతోంది. ఏడాది దాటాక వేస్తారు. బతికున్న వైరస్‌తో చేసిన రకం ఒక డోసు, చంపిన వైరస్‌ది ఆరు నెలల తేడాతో రెండు. ఆటలమ్మ కూడా పెద్దయ్యాక సోకితే ప్రమాదం ఎక్కువ, గర్భిణికి మరీ ఎక్కువ. వేపాకు పక్క మీద పడుకోబెట్టి జాగ్రత్తగా చూసుకునే మన అలవాటు బిడ్డకు ఊరటనిస్తుంది. అది టీకాకు ప్రత్యామ్నాయం మాత్రం కాదు.

ఫ్లూ టీకా ఆరు నెలలు దాటిన ఏ బిడ్డకైనా వేయవచ్చు, మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలకూ, నెలలు నిండకుండా పుట్టినవారికీ నేను దీన్ని వరుసలో పైకి తెస్తాను. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు, డబ్బు బిగువుగా ఉంటే చివరికి.

ప్రైవేటులో పీసీవీకి సాధారణంగా నాలుగు డోసులు చెబుతారు, ప్రభుత్వంలో మూడు. ప్రభుత్వ పీసీవీ మూడు డోసులూ పూర్తయిన బిడ్డకు అదే టీకా మళ్లీ కొనమని ఎవరైనా అంటే, ఎందుకో అడిగి సమాధానం వినండి.

సీసాను చూడనివ్వమని అడగండి

టీకా ఎక్కడ వేయించినా దాని బలం చల్లదనంలో ఉంటుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే కొన్ని టీకాలు పాడవుతాయి, గడ్డకడితే పెంటా, పీసీవీ, హెపటైటిస్ బి పాడవుతాయి. మా ఊరి ఏఎన్ఎం నాకు ఒకసారి సీసాను వేళ్ల మధ్య పట్టుకుని చూపించింది. లేబుల్ మీద ఊదారంగు వలయం, దాని మధ్యలో తెల్లటి చిన్న చతురస్రం. వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయమంత ముదురైతే ఆ సీసా పారేయాలి. "ఇది చూడు, ఇంకా తెల్లగానే ఉంది" అని ఆమె అన్నప్పుడు, అంత చిన్న గుర్తును అన్నేళ్లుగా చూడకుండానే పిల్లలకు టీకాలు వేయించానని అర్థమైంది.

ఎంఆర్, బీసీజీ టీకాలు పొడి రూపంలో వస్తాయి. ద్రవంలో కలిపాక నాలుగు గంటల్లోపే వాడాలి. కాబట్టి కలిపిన సమయం అడగడం తప్పు కాదు. ప్రైవేటు క్లినిక్‌లో కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు నిలుస్తుందో, ఉష్ణోగ్రత రాసుకుంటారో లేదో అడగండి. చిరాకుపడకుండా జవాబిచ్చే చోటే నాకు నమ్మకం. మందుల దుకాణంలో టీకా కొని, సంచిలో పెట్టుకుని ఎండలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మాత్రం చేయకండి.

టీకా వేయించాక అరగంట అక్కడే కూర్చోవాలి. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, పది లక్షల డోసులకు ఒకటి లెక్కన రావచ్చు. వస్తే ఎక్కువగా మొదటి నిమిషాల్లోనే వస్తుంది, అప్పుడు సూది చేతిలో ఉన్న మనిషి పక్కన ఉండాలి.

బూస్టర్లు

హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి ఇప్పటికీ కంఠసర్పి కేసులు వస్తున్నాయి. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆగిపోయే జబ్బు అది. టీకా ఉన్న జబ్బే, దేశమంతా ఉచితంగా ఇస్తున్న టీకానే. పసిబిడ్డకు మూడు డోసులు పడ్డాక ఆ రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, అందుకే ఏడాదిన్నర దాటాక ఒకటి, అయిదేళ్లకు ఒకటి, 10కి, 16కి ఒకటి. బడిలో చేర్పించే హడావిడిలో అయిదేళ్లది ఎక్కువగా జారిపోతుంది. మా ఇంట్లో జరిగింది అదే. డీపీటీ ఏడేళ్లు దాటే లోపు వేయవచ్చు కాబట్టి మా వాడికి ఆ శనివారమే పీహెచ్‌సీలో వేయించాం.

డోసు తప్పిపోయిందని మొదటి నుంచీ మొదలుపెట్టనక్కర్లేదు. ఆగినచోటు నుంచే కొనసాగించాలి. జలుబు, కొద్దిపాటి జ్వరం, పలుచటి విరేచనాలు టీకా వాయిదాకు కారణం కావు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కూడా పుట్టిన తేదీ లెక్కనే వేస్తారు. గత డోసుకు తీవ్ర అలర్జీ వచ్చినా, రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బుగానీ మందుగానీ ఉన్నా ముందే డాక్టరుకు చెప్పాలి.

బీసీజీ వేసినచోట కొన్ని వారాలకు చిన్న పొక్కు వచ్చి, చీము పట్టి, మానుతుంది. కంగారుపడి మందు రాయకండి. మచ్చ పడకపోయినా మళ్లీ వేయనక్కర్లేదు.

ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న భయం ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. దానికి మూలమైన వ్యాసం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, దాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను చూసిన అధ్యయనం 2019లో ఎంఎంఆర్‌కూ ఆటిజానికీ సంబంధం లేదని తేల్చింది. మీ బంధువు ఆ సందేశం పంపితే కోప్పడకుండా ఇది చెప్పండి. భయం బిడ్డ మీద ప్రేమ నుంచి పుట్టినదే.

ఊరు మారేవాళ్లకు, దేశం దాటేవాళ్లకు

పనికోసం పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో నగరానికి వెళ్లే కుటుంబాలు ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా తర్వాతి డోసు వేయించుకోవచ్చు. సొంత ఊరి చిరునామా అడ్డం కాదు. ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డు యూవిన్‌లో పేరు నమోదైతే రికార్డు ఫోన్లోనే ఉంటుంది. సగం ప్రైవేటు, సగం ప్రభుత్వం వేయించడంలోనూ తప్పు లేదు, రెండు చోట్లా రెండు కార్డులూ చూపించాలి అంతే. ప్రైవేటులో వేయించినది కూడా ఏఎన్ఎంకు చెబితే ఆమె పుస్తకంలో రాసుకుని బూస్టర్ వేళకు పిలుస్తుంది.

అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే రెండు సంగతులు ముందే తెలియాలి. అక్కడ మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన తట్టు టీకాను బడి లెక్కలోకి తీసుకోరు, ఏడాది దాటాక రెండు ఎంఎంఆర్ డోసులు అడుగుతారు. 2016 ఏప్రిల్ నుంచి వేసిన పోలియో చుక్కలనూ లెక్కించరు, పోలియో సూది కావాలి. అలాంటి కుటుంబానికి ఎంఎంఆర్ నా వరుసలో మొదటి స్థానానికి వస్తుంది, పోలియో సూది విషయం బయలుదేరే ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మా ఇంట్లో ఇప్పుడు రెండు కార్డుల ఫొటోలూ నా ఫోన్లోనూ మావారి ఫోన్లోనూ ఉన్నాయి. టీకా పేరు, కంపెనీ, తేదీ స్పష్టంగా కనిపించేలా వెలుతురులో తీసినవి. పెద్దవాడికి వచ్చే ఏడాది టీడీ పడాలి. వంటింటి క్యాలెండర్‌లో ఆ నెల కాగితం లేదు కాబట్టి, కొత్త క్యాలెండర్ వచ్చేదాకా ఆ తేదీని పాతదాని చివరి పేజీ వెనక రాసిపెట్టాను.